డ్రాఫ్ట్ అయ్యాక కూడా ఆగిపోవడం భయమేనా?

ప్రశ్న: నేను విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను. పొద్దున పూట మా కాలనీ గ్రౌండ్‌లో పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తాను. ఫ్రాన్స్ కుర్రాడు వెంబన్యామా వచ్చినప్పటి నుంచి, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే శాన్ ఆంటోనియో స్పర్స్ అంటే ప్రాణం. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2024లో స్పర్స్ చేతికి వచ్చిన స్పెయిన్ కుర్రాడు హువాన్ నూన్యెస్ ఆట వీడియోల్లో చూసి చాలా ఆశపడ్డాను. తీరా చూస్తే అతను అమెరికా రాకుండా బార్సిలోనా క్లబ్‌లో చేరాడు. డాలస్‌లో ఉండే మా అన్నయ్య, ‘ఎన్‌బీఏ పిలిస్తే రానివాడికి ధైర్యం లేనట్టే, వాణ్ని మర్చిపో’ అంటాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ మా ఇద్దరికీ ఇదే వాదన. నా దగ్గర నేర్చుకునే పిల్లలు కూడా ‘సార్, సెలెక్ట్ అయ్యాక ఎందుకు వెళ్లలేదు?’ అని అడుగుతున్నారు. వాళ్లకేం చెప్పాలి? అతను వస్తాడని నేను ఎదురుచూడొచ్చా? – ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు మీ అన్నయ్య మాట సంగతి చూద్దాం. అది భయం కాదు. ఆ వయసులో, ఆ స్థానంలో డ్రాఫ్ట్ అయిన గార్డ్‌కి (బంతి నడిపిస్తూ ఆట ఆడించేవాడికి) బార్సిలోనాలో ఆడే అవకాశం వస్తే, అక్కడే ఉండిపోవడం చాలా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. ఇక అతను స్పర్స్ చొక్కా వేసుకుంటాడా అన్నది పూర్తిగా వేరే సంగతి. దాని మీద మాత్రం గట్టిగా ఆశ పెట్టుకోవద్దని చెబుతాను. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను, మీ పిల్లలకూ పనికొస్తుంది.

పిల్లలు ‘సెలెక్ట్’ అన్న మాట వాడారు చూశారా, చిక్కంతా అక్కడే ఉంది. డ్రాఫ్ట్ అయితే ఉద్యోగం వచ్చేసినట్టే అనుకుంటాం. నిజానికి డ్రాఫ్ట్‌లో జట్టుకు దొరికేది ఆ ఆటగాడితో ఒప్పందం చేసుకునే హక్కు మాత్రమే. ఎన్‌బీఏలోకి వస్తే ముందు మా దగ్గరికే రావాలి అన్న హక్కు. ఆటగాడికి ఏం దొరుకుతుందన్నది అతను ఏ రౌండ్‌లో వెళ్లాడన్న దాన్ని బట్టి ఉంటుంది. మొదటి రౌండ్‌లోని 30 మందికి ముందే ఖరారైన జీతాల పట్టిక ఉంటుంది, మొదటి రెండేళ్లకు డబ్బు గ్యారంటీ. రెండో రౌండ్ వాళ్లకు అలాంటి పట్టికా లేదు, గ్యారంటీ కూడా లేదు.

నూన్యెస్ పేరు వినిపించింది 36వ స్థానంలో, అంటే రెండో రౌండ్ మొదట్లో. ఇండియానా పేరు మీద ఎంపిక జరిగి, హక్కులు స్పర్స్‌కు బదిలీ అయ్యాయి. అప్పటికి అతనికి 20 ఏళ్లు. వెంటనే టెక్సాస్ విమానం ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. జట్టులో మామూలు ఒప్పందాలు 15 మందికే. అవి కాక టూ-వే ఒప్పందాలు మూడు ఉంటాయి. టూ-వే మీద ఉన్న కుర్రాడు సీజన్‌లో చాలా భాగం కింది లీగ్‌లో, అంటే స్పర్స్ విషయంలో ఆస్టిన్‌లో, ఆడుతూ పైనుంచి పిలుపు కోసం చూస్తుంటాడు. జీతం కొత్త ఆటగాడి కనీస జీతంలో సగం. ఆ 2024-25 సీజన్‌లో కనీస జీతమే సుమారు 11.5 లక్షల డాలర్లు. మనకు అది పెద్ద మొత్తమే, కానీ అందులో సగం కోసం అతను వదులుకోవాల్సింది ఏమిటో కూడా చూడాలి.

అతను రియల్ మాడ్రిడ్ పిల్లల జట్టులో పెరిగాడు. అక్కడి సీనియర్ జట్టులో ఎప్పుడు చోటు దొరుకుతుందా అని కూర్చోకుండా జర్మనీలోని ఉల్మ్ వెళ్లి, 2023లో ఆ జట్టుతో జర్మన్ లీగ్ టైటిల్ గెలిచాడు. ఆ తర్వాతే బార్సిలోనా. యూరప్ పెద్ద క్లబ్‌లు ఆడే యూరోలీగ్‌లో బార్సిలోనా గార్డ్ అంటే, ముప్పై ఏళ్లు దాటిన మొండి ఆటగాళ్లు ఎదురుగా నిలబడి ప్రతి పాస్‌కీ అడ్డం పడుతుంటే, 40 నిమిషాల మ్యాచ్‌లో ఒక్క బంతి పోగొట్టినా కోచ్ బెంచి మీదకి పిలుస్తాడని తెలిసి ఆడడం. ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, సీజన్‌కు 82 మ్యాచ్‌లు. అక్కడ ఒక రాత్రి పోతే ఎల్లుండి ఇంకోటి ఉంటుంది. యూరోలీగ్‌లో మ్యాచ్‌లు తక్కువ కాబట్టి ప్రతిదానికీ లెక్క ఉంటుంది. గార్డ్‌గా ఎదగాల్సిన కుర్రాడికి ఆ ఒత్తిడి దొరకడం అదృష్టం.

మీరు స్పర్స్ అభిమాని కాబట్టి మీ జట్టు చరిత్రలోంచే ఇద్దర్ని పక్కపక్కన పెట్టి చూడండి. టోనీ పార్కర్‌ను 2001లో 28వ స్థానంలో తీసుకున్నారు. పారిస్ నుంచి ఆ ఏడాదే వచ్చేశాడు, 19 ఏళ్లకే. కొద్ది మ్యాచ్‌ల్లోనే మొదటి అయిదుగురిలో చోటు దక్కింది. మనూ జినోబిలిని అంతకు రెండేళ్ల ముందు, 1999లో, 57వ స్థానంలో తీసుకున్నారు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అతని తర్వాత మిగిలింది ఒక్క పేరే. అతను మూడేళ్లు ఇటలీలోనే ఉండిపోయాడు. ఆ మూడేళ్లలో ఏం చేశాడు? రెజియో కలాబ్రియా అనే చిన్న క్లబ్ నుంచి బొలోన్యాకు మారి, కోచ్ ఎత్తొరె మెసీనా చేతుల్లో పడ్డాడు. 2001లో యూరోలీగ్ ఫైనల్ అయిదు మ్యాచ్‌ల సిరీస్‌గా జరిగింది. అయిదో మ్యాచ్ దాకా వెళ్లి బొలోన్యా గెలిచింది, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు జినోబిలీయే. 2002లో ఇండియానాపొలిస్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగితే అర్జెంటీనాను ఫైనల్ దాకా తీసుకెళ్లిన జట్టులో ఉన్నాడు. అక్కడ చీలమండ దెబ్బ తగిలించుకుని, 25 ఏళ్ల వయసులో శాన్ ఆంటోనియో చేరాడు. మొదటి నెలలు ఇబ్బంది పడ్డాడు. అయినా ఆ సీజన్ చివర, 2003లో, చాంపియన్ జట్టులో నిలబడ్డాడు.

ఒకరు వెంటనే వచ్చారు, ఒకరు మూడేళ్లు ఆగి వచ్చారు. 2003, 2005, 2007, 2014 టైటిళ్లు ఇద్దరూ కలిసే గెలిచారు. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. కాబట్టి ఆగడం తప్పా ఒప్పా అని అడిగితే జవాబు దొరకదు. పార్కర్ వచ్చేసరికి స్పర్స్‌లో అతను ఆడాల్సిన చోటు ఖాళీగా ఉంది. జినోబిలికి బొలోన్యాలో ఆట మొత్తం చేతికి వచ్చింది. ఎక్కడ ఆడనిస్తారో ఇద్దరూ అక్కడే ఉన్నారు. మీ అన్నయ్యతో వాదించేటప్పుడు మీరు పట్టుకోవాల్సింది ఇదే. ఫలానా ఏడాది అతను ఎక్కడున్నాడని కాకుండా, ఎన్ని నిమిషాలు ఆడాడు, ఏ సమయంలో ఆడాడు అని అడగండి.

జినోబిలితో పాటు నికోలా యోకిచ్ పేరు కూడా పిల్లలకు చెప్పండి. 2014లో డెన్వర్ అతన్ని 41వ స్థానంలో తీసుకుంటున్నప్పుడు అమెరికా టీవీలో ఫాస్ట్‌ఫుడ్ ప్రకటన వస్తోంది. అతను ఇంకో ఏడాది బెల్‌గ్రేడ్‌లోని మెగా క్లబ్‌లో ఆడి, అక్కడి ఏడ్రియాటిక్ లీగ్‌లో ఉత్తమ ఆటగాడై, 2015లో అమెరికా వెళ్లాడు. ఆ తర్వాత మూడుసార్లు ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడి) అవార్డు, 2023లో టైటిల్. ఆ ఒక్క ఏడాది ఆగినందుకు అతనికి పోయిందేమీ లేదు.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మొదటి రౌండ్ ఆటగాడు వెంటనే వస్తే పట్టికలోని జీతానికే సంతకం పెట్టాలి. మూడు సీజన్లు బయట ఆడి వస్తే ఆ పట్టిక కట్టుబాటు తొలగిపోతుంది, బేరం ఆడొచ్చు. నికోలా మిరోటిచ్ 2011లో డ్రాఫ్ట్ అయి 2014లో షికాగోకు వచ్చింది అలాగే. బోగ్దాన్ బోగ్దానోవిచ్ 2014లో 27వ స్థానంలో వెళ్లాడు. మూడేళ్ల తర్వాత, ఫెనర్‌బాచెతో యూరోలీగ్ గెలిచి, శాక్రమెంటోతో మూడేళ్లకు 2.7 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఆ స్థానానికి పట్టికలో ఉన్నదానికి అది ఎన్నో రెట్లు. మీ స్పర్స్‌లోనే టియాగో స్ప్లిటర్ 2007లో 28వ ఎంపిక. 2010లో స్పెయిన్ లీగ్ టైటిల్, ఆ లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు చేతిలో పెట్టుకుని వచ్చాడు. 2014 టైటిల్‌లో అతని చెయ్యి ఉంది.

ఈ ఆగడంలో జట్లకూ లాభం ఉంది, అది బయటికి తక్కువ కనిపిస్తుంది. మొదటి రౌండ్‌లో తీసుకున్నవాడు సంతకం పెట్టకపోయినా అతని పట్టిక జీతానికి 120 శాతం జట్టు శాలరీ క్యాప్‌లో, అంటే జీతాలకు లీగ్ పెట్టిన పరిమితిలో, లెక్కకు వస్తుంది. ఈ సీజన్‌కు నేను రాను అని ఆటగాడు, జట్టు కలిసి రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ భారం తీసేస్తారు. 2015లో స్పర్స్ సెర్బియా పొడగరి నికోలా మిలుటినోవ్‌ను 26వ స్థానంలో తీసుకుంది, అతను యూరప్‌లోనే ఉండిపోయాడు. అదే వేసవిలో లమార్కస్ ఆల్డ్రిడ్జ్ శాన్ ఆంటోనియో వచ్చాడు. పెద్ద ఆటగాడి కోసం క్యాప్‌లో ప్రతి డాలరూ లెక్కపెట్టుకునే వేసవిలో, యూరప్‌లో ఆగడానికి ఇష్టపడే కుర్రాణ్ని తీసుకోవడం జట్టుకే అనుకూలం. కాబట్టి ‘రానన్నాడు’ అని వార్త చదివినప్పుడు, రావద్దన్నది ఎవరో కూడా ఆలోచించాలి. చాలాసార్లు ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయమే అది.

బయౌట్ గొడవ ఇంకొకటి. యూరప్ క్లబ్‌తో ఒప్పందం మధ్యలో తెంచుకోవాలంటే క్లబ్‌కు డబ్బు కట్టాలి. అందులో ఎన్‌బీఏ జట్టు తన క్యాప్ మీద పడకుండా ఇవ్వగలిగింది ఏటా నిర్ణయించే ఒక పరిమిత మొత్తమే, ఇప్పటికీ అది పది లక్షల డాలర్లలోపే ఉంది. మిగతాది ఆటగాడే భరించాలి. రికీ రూబియోను 2009లో మిన్నెసోటా అయిదో స్థానంలో తీసుకుంది. అప్పుడు జట్టు ఇవ్వగలిగింది 5 లక్షల డాలర్లు, బడలోనా క్లబ్‌కు రావాల్సిందేమో అంతకు ఎన్నో రెట్లు. 18 ఏళ్ల కుర్రాడు ఆ అప్పు నెత్తిన వేసుకుని ఎందుకు వెళ్లాలి? బార్సిలోనాకు మారి, 2010లో యూరోలీగ్ గెలిచి, 2011లో వెళ్లాడు. మీరు ఇష్టపడే ఏ యూరప్ కుర్రాడి గురించి చదివినా, ఒప్పందం ఎన్నేళ్లు, బయటికి వచ్చే వీలు ఎప్పుడు ఉంది అన్నది ముందు వెతకండి. హైలైట్ వీడియో చెప్పని సంగతులు ఆ రెండు వివరాల్లో తెలుస్తాయి.

ఇక మీ రెండో ప్రశ్న. వస్తాడని ఎదురుచూడొచ్చా?

ఆగడంలో ఉన్న ప్రమాదాలు చెప్పకపోతే మీకు నేను సగమే చెప్పినట్టు. లూయిస్ స్కోలాను స్పర్స్ 2002లో 56వ స్థానంలో తీసుకుంది. స్పెయిన్‌లో బయౌట్ తేలక ఏళ్లు గడిచాయి. చివరికి 2007లో స్పర్స్ అతని హక్కులను హ్యూస్టన్‌కు ఇచ్చేసింది. అదే టెక్సాస్‌లో, అదే డివిజన్‌లో ఉన్న జట్టుకు! మొదటి సీజన్‌లోనే స్కోలా ఉత్తమ కొత్త ఆటగాళ్ల మొదటి జట్టులో చోటు సంపాదించాడు. అయిదేళ్లు ఎదురుచూసిన శాన్ ఆంటోనియో అభిమాని అతన్ని ఎదుటి జట్టులో చూడాల్సి వచ్చింది. పైన చెప్పిన మిలుటినోవ్ అసలు రానే లేదు. 2005లో ఓర్లాండో 11వ స్థానంలో తీసుకున్న ఫ్రాన్ వాస్కెజ్ కూడా అంతే, స్పెయిన్‌లోనే తన కెరీర్ గడిపాడు. హక్కు కాగితం మీద ఉంటుంది, జట్టు దాన్ని అమ్ముకోవచ్చు, వదులుకోనూ వచ్చు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టే కథ ఆర్విదాస్ సబోనిస్‌ది. 1986లో పోర్ట్‌లాండ్ అతన్ని 24వ స్థానంలో తీసుకుంది. లిథువేనియా అప్పుడు సోవియట్ యూనియన్‌లో ఉంది, వెళ్లనివ్వలేదు. అతని ఆలస్యం మొదట్లో అతను కోరుకున్నది కాదు. మడమ వెనక స్నాయువు తెగింది, మోకాళ్లు అరిగాయి. 1995లో, 30 ఏళ్లు వచ్చాక, అమెరికా చేరాడు. అప్పటికీ పాస్ వేసే చేతుల్లో ఆ మాయ ఉంది గానీ పరుగు పోయింది. లేత నారును ముందే పీకి నాటితే నిలవదు, ముదిరిపోయాక నాటితే పిలక వెయ్యదు. కృష్ణా డెల్టాలో ఉన్న మీకు ఇది నేను చెప్పక్కర్లేదు. అలాగని గాయపడ్డ ప్రతివాడి కథా అలా ముగియదు. లాత్వియా షూటర్ డావిస్ బెర్టాన్స్ యూరప్‌లో ఉండగా ఒకే మోకాలి లిగమెంటు రెండుసార్లు తెగింది. డ్రాఫ్ట్ అయిన అయిదేళ్లకు, 2016లో, స్పర్స్‌కే వచ్చి ఆడాడు. ఆ అయిదేళ్లూ జట్టు అతని హక్కు వదులుకోలేదు.

నూన్యెస్‌కు కూడా బార్సిలోనాలో తొలి సీజన్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సర్జరీ దాకా వెళ్లింది. అంతకంటే పెద్ద అడ్డు శాన్ ఆంటోనియోలో తయారైంది. అతను డ్రాఫ్ట్ అయిన ఏడాదే స్పర్స్ నాలుగో స్థానంలో స్టెఫాన్ కాసల్‌ను తీసుకుంది, అతను ఆ సీజన్ ఉత్తమ కొత్త ఆటగాడు. 2025 ఫిబ్రవరిలో డియారన్ ఫాక్స్ వచ్చాడు. జూన్‌లో రెండో స్థానంలో డిలన్ హార్పర్ వచ్చాడు. ముగ్గురూ బంతి చేతిలో ఉంచుకుని ఆడే గార్డులే. పార్కర్ వచ్చిన రోజు ఖాళీగా ఉన్న చోటు ఇప్పుడు కిక్కిరిసి ఉంది. అందుకే మీకు నా సలహా: నూన్యెస్‌ను స్పర్స్ ఆటగాడిగా చూడ్డం మానెయ్యండి, యూరప్ గార్డ్‌గా చూడండి. అతని ఆట మీకు నిజంగా నచ్చితే యూరోలీగ్ మ్యాచ్ చూడండి. మనకు అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది, మర్నాడు ఆఫీసు ఉంటే కష్టమే, రికార్డింగ్ అయినా ఫర్వాలేదు. స్కోర్ పట్టించుకోకండి. నాలుగో క్వార్టర్‌లో కోచ్ అతన్ని కోర్టు మీద ఉంచాడా? బంతి పోగొట్టాక వెంటనే బయటికి పిలిచాడా, ఇంకో అవకాశం ఇచ్చాడా? ఎదుటి జట్టు అతని షాట్‌ను గౌరవించి దగ్గరికి వస్తోందా, వెనక్కి తగ్గి ఖాళీ వదిలేస్తోందా? ఏ జట్టయినా అతన్ని పిలవాలా వద్దా అన్నది తేలేది ఇలాంటి చోట్లే.

పిల్లల ప్రశ్న దగ్గర మాత్రం నాకు మనసు బరువెక్కుతుంది. వాళ్లకు సత్నామ్ సింగ్ గురించి చెప్పండి. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లెటూరు నుంచి, స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడా అకాడమీకి వెళ్లి, 2015లో 52వ స్థానంలో డాలస్ పిలుపు అందుకున్నాడు. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే. 19 ఏళ్లు, ఏడడుగుల పైన ఎత్తు. అతను వెళ్లింది డాలస్ వాళ్ల కింది జట్టు టెక్సాస్ లెజెండ్స్‌కు. రెండు సీజన్లున్నాడు, చాలా రాత్రులు బెంచి మీదే. ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు.

అతనికి, యోకిచ్‌కు తేడా ప్రతిభలో ఎంత ఉందో నేను కొలవను. కానీ ఆగడానికి యోకిచ్‌కు మెగా ఉంది, జినోబిలికి బొలోన్యా ఉంది, నూన్యెస్‌కు ముందు ఉల్మ్, తర్వాత బార్సిలోనా ఉన్నాయి. పదిహేనేళ్లకు పిల్లల జట్టు, పద్దెనిమిదికి చిన్న లీగ్, ఇరవైకి పెద్ద క్లబ్, నెల నెలా జీతం, పక్కన ముప్పై ఏళ్ల సీనియర్. మన కుర్రాడు డ్రాఫ్ట్ అయ్యాక ‘నేను ఇంకో రెండేళ్లు మా క్లబ్‌లో ఆడి వస్తాను’ అని అనాలంటే ఆ క్లబ్ ఎక్కడుంది? సత్నామ్‌కు ఆ మాట అనే వీలే లేదు. ఇది అతని లోపం కాదు, మన లోపం. ఈ మాట పిల్లలకు దాచకుండా చెప్పండి, వాళ్లు అర్థం చేసుకుంటారు.

వాళ్లు ఇప్పటికిప్పుడు పాటించగలిగింది కూడా ఒకటుంది. వెంబన్యామా 2022లో ఏం చేశాడో వాళ్లకు తెలియకపోవచ్చు. యూరోలీగ్‌లో ఆడే అస్వెల్ క్లబ్ వదిలేసి, ఆ లీగ్‌లో లేని మెట్రోపాలిటన్స్ 92కు మారాడు. అక్కడ ఆట మొత్తం అతని చుట్టూ తిరిగింది, మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిదే. మీ దగ్గరి కుర్రాడు రేపు పెద్ద పేరున్న కాలేజీ జట్టులో పన్నెండోవాడిగా కూర్చోవాలా, చిన్న కాలేజీలో రోజూ ఆడాలా అని అడిగితే, ఆడే చోటికే పంపండి. తల్లిదండ్రులు పేరు చూసి టెన్షన్ పడతారు, మీరే కూర్చోబెట్టి నచ్చజెప్పాలి.

అన్నయ్యకు ఒక పని అప్పజెప్పండి. డాలస్‌లో ఉన్నారంటున్నారు కదా, ఫ్రిస్కో దగ్గరే. ఆ చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆయనకే బాగా తెలుసు. టెక్సాస్ లెజెండ్స్ ఆడేది ఆ ఫ్రిస్కోలోనే. చలికాలంలో ఆస్టిన్ స్పర్స్ అక్కడికి ఆడడానికి వచ్చే రోజు చూసుకుని ఒక టికెట్ కొనమనండి. నూన్యెస్ 2024లో వచ్చేసి ఉంటే సీజన్‌లో ఎక్కువ భాగం గడపాల్సి వచ్చేది ఆ ఆస్టిన్ జట్టులోనే. మ్యాచ్ అంతా బంతి వెంట చూడకుండా, బెంచి చివర కూర్చున్న ఇరవై ఏళ్ల కుర్రాడెవరో ఒకణ్ని ఎంచుకుని, అతను ఎన్నిసార్లు లేచాడో, ఎన్ని నిమిషాలు ఆడాడో చూడమనండి. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక ఫోన్ చేయమనండి, అప్పుడు మళ్లీ వాదించుకుందురు గాని.